ఉల్లిపాయలు ఎన్నాళ్ళొస్తాయి?

హలో… ఆఁ, నేనే, నేనే… ఉండు, చేతినిండా పిండి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను. గట్టిగా మాట్లాడు బావా, జారిందంటే పిండిలో పడుతుంది, రేపు ఎవరి బన్నులోనో మోగుతుంది.

బాగున్నాం. పాప బడికెళ్ళింది. వెళ్ళే ముందు మేడెక్కి మీ ఓడకి తువ్వాలు ఊపింది… కనపడిందా? అబద్ధం. అంత దూరం నుంచి తువ్వాలెలా కనపడుతుంది?… ఓహో, కెప్టెన్ దుర్భిణీ ఇచ్చాడా! వంటవాడి చేతికి దుర్భిణీ ఇచ్చాడంటే ఆ పూట నువ్వేదో బాగా వండి ఉండాలి.

పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. దుర్భిణీలో అవి కూడా చూడాల్సింది.

మాకా? మాకు బాగానే కనపడుతున్నారు. రాళ్ళకట్ట దాటి, అలా లంగరేసుకుని… పొద్దున ఎండ పడితే మీ పొగగొట్టం మీద ఆకుపచ్చ కంకి బొమ్మ కూడా తెలుస్తోంది. పాప దాన్ని 'నాన్న కంకి' అంటోంది. కంపెనీ గుర్తే అది, నాన్నది కాదని చెప్తే వినదు.

నవ్వకు. కంటికి కనపడే మొగుడు చేతికి అందకపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు. నడిసముద్రంలో ఉన్నప్పుడే నయం. చూపు అటు పోయేది కాదు. ఇప్పుడు బన్నులు బట్టీలో పెడుతూ ఒకసారి, తీస్తూ ఒకసారి కిటికీలోంచి చూస్తున్నా. నిన్న ఒక ట్రే మాడ్చాను.

ఎవరు కొన్నారా? పక్కింటి టైలరు. బాగా కాలిందని మెచ్చుకున్నాడు కూడా. ఆయనకి కళ్ళజోడు మార్చాలి.

సరే, రేవులో చోటెప్పుడిస్తారట?… ఇంకా చెప్పలేదా? మొన్న కూడా ఇదే మాట.

ఇక్కడ అందరూ సిద్ధంగా ఉన్నారు. నీ కోసమని పొంగిపోకు, గోధుమల కోసం. అన్నయ్య మిల్లు గోదాము ఊడ్చి, ఖాళీగా ఉన్న సగం కడిగి, తలుపులు తీసి ఆరబెట్టాడు. గంటకోసారి మా కొట్లోకి వచ్చి ఈ కిటికీ దగ్గర నిలబడతాడు. నేను చూసేది ఓడలో వంటవాణ్ణి, ఆయన చూసేది ఓడలో గోధుమల్ని. ఇద్దరికీ ఒకటే కిటికీ. మోచేతులతో తోసుకుంటున్నాం.

ఇప్పుడా? ఇప్పుడు లేడు, మిల్లులో ఉన్నాడు. బేరం నడుస్తోంది. మిగిలిన పిండి కొనడానికి మనిషొచ్చాడు. పెద్ద రొట్టెల ఫ్యాక్టరీ లేదూ, వాళ్ళ తరఫున. గోడ వెంట పేర్చిన బస్తాలన్నీ ఒక్కసారే తీసుకుంటాడట. అన్నయ్య నేల మీద నిలబడట్లేదు. పాత పిండి పోతోంది, కొత్త గోధుమలు వస్తున్నాయి, గోదాము ఖాళీ అవుతోంది. 'అదృష్టం తలుపు తడుతుందంటారే చెల్లీ, మనకైతే లారీ వేసుకుని వచ్చింది' అన్నాడు.

నాకా? నాకూ, వీధిలో మిగతా బట్టీలవాళ్ళకీ కొంచెం పక్కన పెట్టాడులే. నాలుగు రోజులకి. ఆలోపు మీ గోధుమలు దిగుతాయి, మర ఆడుతుంది, ఎవరి పిండి వాళ్ళకొస్తుంది.

మంచివాడిలాగే ఉన్నాడు. పొద్దున పాపకి పెన్సిలిచ్చాడు. మన టీ బాగుందని రెండోసారి పోయించుకున్నాడు.

నా సంగతి వదిలెయ్. నువ్వేంటి ఈ వేళప్పుడు ఫోను చేశావ్? మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారు?

స్టోరు రూములో ఉన్నావా? అందుకేనా గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. అక్కడేం పని?

ఉల్లిపాయలు చూస్తున్నావా! చూసి?

లెక్క చెప్పాలా… ఎవరికి?

కెప్టెన్ అడిగాడా.

ఉండు. ఆయన అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పు. నీ సొంతం కలపకు.

'వంటాయనా, ఉల్లిపాయలు ఎన్నాళ్ళొస్తాయి?'… అంతేనా? నవ్వుతూ అడిగాడా, మామూలుగా అడిగాడా?… అటు గోడవైపు చూస్తూ అడిగాడా.

బావా, నీకు మతుందా? ఆ ముక్క ముందు చెప్పకుండా, దుర్భిణీ అనీ తువ్వాలు అనీ ఇంతసేపు…

ఎందుకేంటి? నువ్వు నేర్పిన పాఠమే కదా. ఓడ రేవులోకి పోయేటట్టయితే కెప్టెన్‌కి ఉల్లిపాయలతో పని లేదు. దిగి కొనుక్కోవచ్చు. తిరిగిపోయేటట్టయితే ముందు అడిగేది వంటవాణ్ణే. ఉన్న సరుకు చాలితే అటునుంచటే పోవచ్చు, పడవ పిలిచి ఆలస్యం చేసుకోనక్కర్లేదు. ఇంజిన్ గదికంటే ముందు ఉల్లిపాయలకి తెలుస్తుందే అన్నావ్.

అన్నావ్. పాప పుట్టినప్పుడు అన్నావ్. అప్పుడూ ఇలాగే, రాళ్ళకట్ట అవతలే. ఇలాగే ఉల్లిపాయలు అడిగారు. పాప బోర్లాపడ్డాక వచ్చావ్ నువ్వు.

ఇంకేమన్నా విన్నావా?

కాఫీ పట్టుకెళ్ళినవాడు చెప్పాడా… ఆఁ… బల్ల మీద మ్యాపు మార్చారా… ఫోన్లో 'సరే సార్, సరే సార్' అంటున్నాడా కెప్టెన్. ఓహో. ఆయనకీ ఉన్నారన్నమాట సార్లు.

అయితే తిరిగిపోతున్నారు.

ఎక్కడికి?… అదేంటి, ఎక్కడికో కూడా చెప్పలేదా? ముందు కదలండి, ఎటో తర్వాత చెప్తాం అన్నారా? టాక్సీవాడు కూడా ఎక్కడికో చెప్తేగానీ కదలడే!

అమ్మేశారా? నీళ్ళ మీద ఉండగానే?… మళ్ళీనా! బయల్దేరినప్పుడు ఒకడు, దారిలో ఒకడు, ఇప్పుడింకొకడు. పాపం ఆ గోధుమలు, నేల మీద కాలైనా పెట్టకుండా మూడు కాపురాలు మారాయి.

మరి అన్నయ్యకిచ్చిన మాటో?… ఆఁ… మాటిచ్చింది ఇక్కడి ఆఫీసు, ఓడ తిప్పింది అక్కడి ఆఫీసు. బాగుంది. కుడిచెయ్యి పెడతానంటుంది, ఎడమచెయ్యి లాక్కుంటుంది. నోరు మాత్రం ఒకటే.

అవతలివాళ్ళకీ ఆకలే కదా అంటావా. ఆకలయితే నేనేమీ అనను బావా. ఆకలితో ఉన్నవాళ్ళకి పోతుందంటే ఒక బస్తా నేనూ మోస్తా… కాదా? మరి?… రేటు పెరిగేదాకా అలా తిరుగుతూ ఉంటుందా? అంటే అది ఓడ కాదు, తేలే గోదాము. నువ్వు గోదాములో వంటవాడివి.

నీకు సరుకులు చాలతాయా మరి?… ఉల్లిపాయలు బోలెడున్నాయి, సరే… పిండి తక్కువా? ఏంటీ, ఓడంతా గోధుమలు పెట్టుకుని వంటింట్లో పిండి లేదా!… నవ్వక ఏం చెయ్యను? వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టుంది మీ సంగతి.

ఉన్నంతలో సరిపెడతావు. తెలుసు. ఎప్పుడూ అంతేగా.

ఉండు బావా… కొంచెం ఉండు. మాట్లాడకు. ఏదో తడుతోంది.

ఓడ రాదు. రాదని ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. నాకే ఇప్పుడు తెలిసింది, అదీ ఉల్లిపాయల దయ వల్ల. సరిగ్గా ఇవాళే ఒకాయన వచ్చి ఉన్న పిండంతా కొంటున్నాడు. మన దగ్గరే కాదు… నిన్న వంతెన దగ్గర మిల్లులో కూడా కొన్నాడట. అన్నయ్యే చెప్పాడు, వాళ్ళకంటే మనకి మంచి రేటొచ్చిందని మురిసిపోతూ.

మీ ఓడవాళ్ళూ ఈ ఫ్యాక్టరీవాళ్ళూ ఒకటేనా? ఏమో. ఫ్యాక్టరీ పేరు వేరు. కార్డు అన్నయ్య దగ్గరుంది… ఆగు, ఈ గుమ్మంలోంచి పక్క మిల్లులో అన్నయ్య గది కనపడుతుంది. ఆ కొనేవాడు కుర్చీలో ఉన్నాడు. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. నల్ల సంచి. దాని మీద ఏదో ఉంది… కాలు అడ్డం. కాలు తియ్యవయ్యా మహానుభావా…

బావా.

నేనిప్పుడు ఏం కట్టుకుని ఉన్నానో తెలుసా? నీ పాత ఏప్రాన్. పోయినసారి ఇక్కడ వదిలేసి వెళ్ళావే. దాని గుండెల మీద ఉందే, ఆకుపచ్చ కంకి… ఆఁ. ఆ సంచి మీదా అదే. కొంచెం చిన్నది.

మీ కంపెనీ పోయినేడాది కొనేసిందా ఆ ఫ్యాక్టరీని? నీకెలా తెలుసు?… మీకొచ్చే బిస్కెట్ల డబ్బా మీద కూడా కంకి వచ్చిందా. నాకు చెప్పలేదేం?… నిజమేలే, బిస్కెట్ల డబ్బా గురించి పెళ్ళానికి ఫోను చేసి ఎవరు చెప్తారు.

అంటే గోధుమల బేరం వాళ్ళది. ఓడ వాళ్ళది. రొట్టె వాళ్ళది. ఓడ తిప్పేదీ వాళ్ళే, తిప్పే ముందు ఊళ్ళో పిండి ఊడ్చుకునేదీ వాళ్ళే. నాలుగు రోజులయ్యాక వీధిలో బట్టీలన్నీ చల్లారతాయి. అప్పుడు ఫ్యాక్టరీ రొట్టె కాగితం చుట్టుకుని దిగుతుంది. నేను వెళ్ళి క్యూలో నిలబడి కొనుక్కోవాలి. నేను! రోజూ తెల్లారకముందే లేచి బట్టీ రాజేసేదాన్ని!

వెళ్ళి చెప్పేస్తా అన్నయ్యకి.

ఎందుకొద్దు?… ఆఁ… నిజమే. ఎవరు చెప్పారంటారు. వంటవాడి పెళ్ళామూ మిల్లువాడి చెల్లెలూ ఒకతేనని తెలియడానికి వాళ్ళకెంతసేపు… దింపేస్తారా? ఇక్కడే దింపితే నాకు లాభమేగా!

సరే, సరే. జోకు బాగాలేదు. దింపేది ఉద్యోగంలోంచని నాకూ తెలుసు. ఇంకే ఓడలోనూ ఎక్కనివ్వరు.

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. చెప్తే నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అన్నయ్య మిల్లూ, నా బట్టీ, వీధంతా.

అయ్యో… లేచాడు. అన్నయ్య లేచాడు. మేకు మీంచి గోదాము తాళంచెవి తీస్తున్నాడు. లారీ వెనక్కొస్తోంది… వినపడుతోందా, పీప్ పీప్ అని?

చెప్పకుండా ఆపాలి. ఎలా ఆపుతారు చెప్పకుండా?… ఉండు. చిన్నప్పటి నుంచి అన్నయ్యతో పోట్లాడి గెలిచినదాన్ని, ఒక లారీని ఆపలేనా.

ఫోను పెట్టకు బావా. జేబులో వేసుకుంటున్నా. ఏం వినపడ్డా నోరెత్తకు. నవ్వకు, దగ్గకు, తుమ్మకు… ఏప్రానా? అమ్మో, బతికించావ్. ఇదిగో, తిప్పి కట్టుకుంటున్నా. కంకి లోపలికి పోయింది.

జల్లెడ… జల్లెడేదీ… ఆఁ. ఇంకోటి కావాలి, మర పక్కన డబ్బాలో ఉంటుంది. ఏంటో తర్వాత చెప్తా. నోర్మూసుకో ఇక.

అన్నయ్యా! అన్నయ్యా ఆగు! తాళం తియ్యకు!… నమస్కారం సార్. కూర్చోండి, మీ టీ ఇంకా మిగిలుంది.

అన్నయ్యా, ఎలా చెప్పాలో తెలీట్లేదు. పొద్దున నువ్విచ్చిన బస్తా ఇప్పుడే జల్లించాను. ఇదిగో చూడు… ఏంటంటావేంటి, కదులుతోంది కనపడట్లా? పురుగు.

అరవకు. వచ్చిన మనిషి ముందు అరవకు… నీ మిల్లులో పురుగుండదని నాకూ తెలుసు. నాన్న హయాం నుంచి లేదు. కానీ పురుగుకి నాన్నెవరో తెలీదు కదా అన్నయ్యా!… గోదాము కడిగావుగా, తడి తగిలిందేమో.

మీరూ చూడండి సార్, దగ్గరికి రండి. ఇదిగో ఈ నల్లది… చిన్నదే సార్. ఇది చిన్నదే. దీని చుట్టాలు లోపలున్నారు.

ఒక్క బస్తాయో, అన్నీనో నేనెలా చెప్పను? విప్పి చూడాలి. నువ్వుండన్నయ్యా, నన్ను చెప్పనీ… మీకిష్టమైతే తీసుకెళ్ళండి సార్. ఇస్తానన్నాక మా అన్నయ్య మాట తప్పడు. ఫ్యాక్టరీలో పెద్ద జల్లెళ్ళుంటాయి కదా… గేటు దగ్గరే పరీక్ష చేస్తారా? ఒక్కటి కనపడినా లారీ మొత్తం వెనక్కేనా? అయ్యో. అయితే మీకు మాటొస్తుంది సార్. మా వల్ల మీకు మాట రాకూడదు.

పోనీ వచ్చే వారం రండి. అప్పటికి ఓడ గోధుమలు దిగుతాయిగా, తాజా పిండే ఇస్తాం… ఏం సార్, పొలమారిందా? నీళ్ళు తాగండి. ఎవరో తలుచుకుంటున్నారు మిమ్మల్ని.

వెళ్తారా? మెట్టుంది, జాగ్రత్త. సంచి మర్చిపోయారు సార్. ఇదిగోండి… కంకి బొమ్మ బాగుంది.

హలో… ఉన్నావా? నవ్వకు. నవ్వకు బావా, జల్లెడ ఇంకా నా చేతిలోనే ఉంది.

పోయాడు. లారీ కూడా పోయింది, ఖాళీగా… తెలుసు బావా వాడికి. ఓడ మాటెత్తగానే టీ అడ్డం తిరిగింది. కళ్ళు కిటికీ వైపు పోయాయి. పాపం, వాడికీ ఒక సార్ ఉంటాడు.

పురుగెక్కడిదా? మర కింద ఊడ్చిన పిండి. అన్నయ్య పారెయ్యడు, డబ్బాలో వేసి ఉంచుతాడు. గాలం వేసేవాళ్ళు వచ్చి ఎరకి పట్టుకెళ్తారు. గుప్పెడు తీసి జల్లెట్లో వేశా. ఎర కోసం పెట్టిన పురుగు. పెద్ద చేపే పారిపోయింది.

అదిగో, వస్తున్నాడు. ముఖం చూడాలి నువ్వు. దాని మీద రొట్టె కాల్చుకోవచ్చు.

ముందు కూర్చో అన్నయ్యా… కూర్చో… సరే, నిలబడే తిట్టు. తిట్టడం అయ్యాక చెప్తా.

ఆఁ… ఆఁ… నాన్న పరువు, సరే… తాత పరువు కూడానా… అయిందా?… ఇంకా ఉందా? కానీ.

ఇప్పుడు విను. ఆ పురుగు నీ ఎర డబ్బాలోది. వేసింది నేనే… ఎందుకంటే, అదిగో కిటికీ. ఓడ ఉందా? బాగా చూసుకో. సాయంత్రానికి ఉండదు.

ఎవరు చెప్పారని అడక్కు. కలొచ్చిందనుకో… పగటి కలే. నాకు పగలే వస్తాయి… ఫోన్లోనా? ఫోన్లో ఉల్లిపాయలవాడు. ఉల్లిపాయల గురించి మాట్లాడుతున్నాం. అంతే… అర్థమైందిగా? అర్థమైనట్టు మొహం పెట్టకు. ఆ మొహమే కొంప ముంచుతుంది.

బాధపడుతూ కూర్చోకు. ఇంకా పిండి అమ్మని మిల్లులవాళ్ళకి ఫోను చెయ్. పిండికి పురుగు పడుతోంది, లారీ వస్తే జాగ్రత్త, అని చెప్పు. అర్థమయ్యేవాడికి అదే అర్థమవుతుంది.

గోధుమలా? కొండ అవతల రైతులు లేరూ? నాన్న వాళ్ళ దగ్గరే కొనేవాడు. ఓడ గోధుమలు చవకని నువ్వు మానేశావ్… ఎర్రగా ఉంటాయి, రొట్టె పొంగదు, తెలుసు. పొంగించడం నా పని. అసలు లేనిదానికంటే అణిగిన రొట్టె నయం… తిడతారా? తిట్టించుకో. ఇన్నేళ్ళు గుమ్మం తొక్కనివాణ్ణి తిట్టకుండా టీ ఇస్తారా? ఇప్పుడు నన్ను తిట్టినదాంట్లో సగం కూడా ఉండదులే. ఇంకా ఎవరన్నా పండిస్తున్నారో లేదో, ముందది కనుక్కో. వెళ్ళు.

బావా… ఉన్నావా? వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, 'ఆ ఉల్లిపాయలాయన్ని అడిగానని చెప్పు' అన్నాడు.

ఏం లేదు. ఏడవట్లేదు. బట్టీ పొగ.

ఎన్నాళ్ళు ఈసారి?… నీకు తెలీదు. కెప్టెన్‌కి తెలీదు. 'సరే సార్' అనిపించుకున్నాయనకి కూడా తెలుసో తెలీదో.

పాపకేం చెప్పను? బడి నుంచి రాగానే తువ్వాలు పట్టుకుని మేడెక్కుతుంది. అక్కడ నీళ్ళుంటాయి.

బావా. ఉల్లిపాయల లెక్క చెప్పేశావా?… ఇంకా లేదా?

మరైతే… లేవని చెప్పు.

తప్పేముంది? సరుకు చాలదంటే ఈ రేవు నుంచే పడవ పిలవాలి. పడవ వచ్చి వెళ్ళేదాకా ఓడ కదలదు. నాకు ఒక్క పూట చాలు… చెప్పవా. ఇప్పుడు నేను అబద్ధం చెప్పలేదా, సొంత అన్న మిల్లు మీద?… నాది వేరూ నీది వేరూ ఎలా అవుతుంది?

ఆఁ… ఆయనే దిగొచ్చి చూస్తాడా. నిగనిగలాడుతూ బస్తాలకి బస్తాలున్నాయా. మాయదారి ఉల్లిపాయలు, కుళ్ళాల్సినప్పుడు కుళ్ళవు.

సరేలే. అలిగి కాదు, నిజంగానే సరేలే. 'నాకు వంట తప్ప ఇంకేం రాదు' అని పెళ్ళికి ముందే చెప్పినవాడివి. అందులో అబద్ధం చెప్పడం రాదని కూడా ఉందని నేనే ఆలస్యంగా తెలుసుకున్నా.

పాపకి నేను ఏదో చెప్తా. నువ్వు వెళ్ళు, వంట చూసుకో… పొట్ట మాడ్చుకోకు. చలేస్తే ఆ స్వెట్టరు వేసుకో, పెట్టెలో దాచుకోవడానికి కాదు అల్లింది… ఆఁ, నేను కూడా… ఏంటీ?

ఆ పిండి బస్తా ఇప్పుడెందుకు విప్పడం? అది లెక్కపెట్టమన్లేదుగా… ఊరికే చూస్తావా. చూడు.

హలో?

బావా?… ఎవరో వస్తున్నట్టున్నారు. అడుగుల చప్పుడు… కెప్టెనా? అయితే పెట్టెయ్, పెట్టెయ్—

ఏంటీ? 'సార్' ఏంటి? నన్నెందుకు సార్ అంటున్నావ్?

పిండిలో ఏంటి?

…

ఓ.

ఓహో… ఆఁ, చెప్పండి సార్! సరుకుల కొట్టే సార్. అవును, ఓడలకి వేస్తాం. మీ ఓడ మాకు కనపడుతూనే ఉంది సార్.

అయ్యయ్యో, పురుగా?… నల్లదేనా? కదులుతోందా?… సార్, ఒక్క మాట. నిజం పురుగేనా? అంటే… అబద్ధం పురుగు కాదు కదా?… నిజంగానే ఉందా! కెప్టెన్‌గారు కూడా చూస్తున్నారా! దాన్ని చంపకండి సార్. దానికి నా తరఫున ఒక దండం పెట్టండి.

చిన్నదైతే మాత్రం? దాని చుట్టాలు లోపలుంటారు. ఉన్న పిండంతా పారెయ్యండి సార్, ఆరోగ్యం ముఖ్యం.

ఉంది సార్, పిండి ఉంది. ఇవాళ ఈ ఊళ్ళో మంచి పిండి దొరికేది మా దగ్గరే. పొద్దుటి నుంచీ గిరాకీ బాగుంది, లారీలు వస్తున్నాయి, ఇవ్వట్లేదు. మీకైతే ఇస్తాం.

ఉల్లిపాయలు కూడా రాసుకోమంటారా?… అక్కర్లేదా. బాగున్నాయా. అంతేలెండి, బాగున్నవాటిని బాగున్నాయనే చెప్పాలి.

పడవా? రేవు దగ్గర కొట్టాయనకి పడవుంది, అది తెస్తాం సార్. ఆయన రోజూ తినేది మా బన్నే, కాదనడు. కాకపోతే కొంచెం ఆలస్యం అవుతుంది. బడి వదలాలి… అంటే, మనుషులు రావాలి సార్. ఇద్దరొస్తారు. బస్తాలు మొయ్యడానికి పనికిరారు. ఒకరైతే మరీ పొట్టి, ముందు పళ్ళు కూడా లేవు. తువ్వాలు ఊపుతూ వస్తుంది, గుర్తుపట్టడం తేలిక. దుర్భిణీ అక్కర్లేదు.

ఏమంటున్నారు కెప్టెన్‌గారు?… ఇన్ని గోధుమల మీద కూర్చుని పిండి కొనుక్కోవడం ఏంటని నవ్వుతున్నారా. నవ్వనివ్వండి సార్. ఈ రేవులో ఇవాళ అందరికీ ఇదే పని.

బిల్లు కంపెనీ పేరు మీదే రాస్తాం. కంకి బొమ్మ కూడా వేస్తాం.

వచ్చేదాకా లంగరు తియ్యకండి… ఆఁ… సరే బావా— సరే సార్. ఉంటాను సార్.

…

అన్నయ్యా! అన్నయ్యా, ఫోన్లు తర్వాత చేద్దువుగాని! ఆ తాళంచెవి ఇటు పట్రా. గోదాము తియ్యి, ఓడకి పిండి వెయ్యాలి!